పదో ఫారం

ఫిబ్రవరి 3

బోర్లా పడుకుని రాస్తున్నాను. తల మంచం అంచు దాటి బయటికి ఉంది. నుదుటి కింద గుండ్రటి దిండు, దాని కింద నేల మీద స్టూలు, స్టూలు మీద ఈ నోటుబుక్కు. నిన్న కుడి కన్నుకు ఆపరేషన్ చేసి లోపల గ్యాసు బుడగ పెట్టారు. ఊడిన పొరను ఆ బుడగ వెనక గోడకు అదిమి పట్టాలి. అందుకు పది రోజులు నేల చూపులే. "తల ఎత్తారో, నేను ఆపరేషన్ చేయనట్టే" అన్నాడు డాక్టరు. ఎడమ కన్ను చిన్నప్పటినుంచీ అంతంతమాత్రం. దానితో చదవొద్దన్నాడు. రాయొద్దని అనలేదు, నేనూ అడగలేదు. ముప్పై ఏళ్లు ఎదుటి మనిషి మొహం చూస్తూ, నోటుబుక్కు వైపు చూడకుండా రాసినదాన్ని.

పొద్దున అన్నయ్య బస్సు దిగి వచ్చాడు. అరవై ఏడేళ్లు. ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేతిలో ఫ్లాస్కు. గుమ్మంలో నిలబడి నన్ను కాసేపు చూశాడు.

"మొత్తానికి తల దించావే, విలేఖరీ!"

"బుడగ కోసం దించాను. నీకోసం కాదు."

"ఎవరికోసమైతేనేం. మా బైండింగు షాపులో కుర్చీలో కూచోబెట్టి కట్టేస్తే ఈ పని ఎప్పుడో అయ్యేది."

రెండు గంటలకోసారి చుక్కల మందు వేయాలి. గడియారం చూసుకుని వేస్తున్నాడు. నలభై ఏళ్లు పుస్తకాలు కుట్టిన వేళ్లు. కన్ను మీదికి వచ్చినా వణకవు.

ముందుమాట 15లోగా ఇవ్వాలి. పుస్తకం 16న ప్రెస్సుకు వెళ్తుంది.

ఫిబ్రవరి 4

ముందుమాట మనసులోనే కూర్చుకుంటున్నాను. వాస్తవాలు ముందు.

అది పడవ నడిపే ఒక కుటుంబం కథ. నేను రేవు పుస్తకం అంటాను. రచయిత సొంతంగా మూడు వందల కాపీలు వేయించుకుని, మరో పుస్తకం రాయకుండానే పోయాడు. కాపీలన్నీ అన్నయ్య పనిచేసే షాపుకే బైండింగుకు వచ్చాయి. అందులో ఒకటి తెచ్చి నాకిచ్చాడు. అప్పుడు నాకు పన్నెండేళ్లు, అన్నయ్యకు ఇరవై రెండు. అమ్మ పోయి నాలుగు నెలలు.

ఎర్ర గుడ్డ అట్ట. అడుగు అట్ట పై అట్ట కంటే మందం. పేజీలకు నంబర్లు లేవు. కథలోకి దిగినవాడికి అంకెలతో పనేమిటని రచయిత అనుకుని ఉంటాడని చిన్నప్పుడే తీర్మానించుకున్నాను. పదకొండుసార్లు చదివాను. తేదీలు మొదటి పేజీలో వరసగా ఉన్నాయి. అన్నయ్య వచ్చినప్పుడల్లా పుస్తకం అటూ ఇటూ తిప్పి, "అట్ట వదులైంది, ఇలా ఇవ్వు" అని పట్టుకెళ్తాడు. లోపల కొత్త కాగితం అతికించి తెస్తాడు. పుస్తకాలు చదవడు. అడిగితే, "వంటవాడు వాసనకే కడుపు నింపుకుంటాడు" అంటాడు.

ఇరవై ఏళ్ల కిందట ఆదివారం అనుబంధంలో ఈ పుస్తకం మీద రెండు పేజీలు రాశాను. నా పేరు నలుగురికీ తెలిసింది ఆ వ్యాసంతోనే. అవినీతి మీద రాసిన మూడు వందల కథనాలు ఎవరికీ గుర్తులేవు. ఆ వ్యాసమంతా ఒక్క వాక్యం గురించి.

"అమ్మ గడప దాటి, ఒకసారి వెనక్కి చూసి, దీపం తగ్గించి వెళ్లిపోయింది."

అంతే. ఆ తర్వాత అమ్మ పుస్తకంలో కనిపించదు. ఎక్కడికి వెళ్లిందో, ఎందుకు వెళ్లిందో రచయిత చెప్పడు. తర్వాతి పేరాలో పిల్లలు ఒక్కళ్లే పొయ్యి వెలిగిస్తుంటారు. ఇంత పెద్ద సంగతిని ఇంత చిన్న వాక్యంలో పెట్టి, మిగిలింది మనకు వదిలేసిన మనిషిని నేను మరొకర్ని చూడలేదు. ఇప్పటికీ ఆ చోటికొచ్చేసరికి ఊపిరి బిగపడతాను.

ఆ వ్యాసం చదివిన ఒక ప్రచురణకర్త ఈ పుస్తకం మళ్లీ వేస్తానన్నాడు. రెండేళ్లు వెతికినా వేరే కాపీ దొరకలేదు. నా కాపీ జిరాక్సు తీసుకుని కంపోజు చేయించాడు.

కళ్లు లేనివాళ్ల లైబ్రరీకి ఫోన్ చేశాను, వినడానికి ఏమున్నాయని. అక్కడి మనిషి నా గొంతు గుర్తుపట్టాడు. "మీరు వ్యాసం రాసిన పుస్తకమే ఉందండీ. ముప్పై ఏళ్ల కిందట ఒక టీచరుగారు చదివి రికార్డు చేశారు. ఫోన్‌లోకి పంపిస్తాను."

పన్నెండోసారి వినబోతున్నాను.

ఫిబ్రవరి 5

పొద్దున ఎనిమిదికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొదలుపెట్టాను. ఆవిడ గొంతులో నాటకం లేదు. కామా దగ్గర కామా అంత ఆగుతుంది, చుక్క దగ్గర చుక్క అంత. వెనక ఎక్కడో ఫ్యాను చప్పుడు. రెండో అధ్యాయానికే నేను పుస్తకాన్ని కాక, రేవునే వింటున్నాను. తెడ్డు నీళ్లలో పడే చప్పుడు గురించి ఒక వాక్యం ఉంది. పదకొండుసార్లు కంటితో దాన్ని దాటిపోయాను. ఇవాళే చెవిన పడింది.

పన్నెండున్నరకు ఆ వాక్యం వచ్చింది. ఊపిరి బిగబట్టాను.

"అమ్మ గడప దాటి, ఒకసారి వెనక్కి చూసి, కాలు తడబడి అక్కడే కూలబడింది."

ఆవిడ ఆగలేదు. చదువుకుంటూ పోయింది.

నేను ఆపేశాను.

ఫిబ్రవరి 5, సాయంత్రం

ఆవిడ కల్పించింది. అంతే.

ఫిబ్రవరి 6

కల్పించలేదు.

నాలుగుసార్లు విన్నాను. నా కాపీలో లేని ఆ భాగం ముప్పై ఒక్క నిమిషాలు. మిగతా పుస్తకం రాసిన చెయ్యే ఇదీ రాసింది. ఏ టీచరూ ఇలా రాయలేదు. రేవులో పడవలు వచ్చిపోతుంటాయి. లోపలి గదిలో అమ్మ మంచాన పడి ఉంటుంది, పదకొండు రోజులు. ఆఖరి నిమిషంలో ఈ వాక్యం.

"పక్కింటి పెద్దమ్మ పిల్లలకు అన్నం పెట్టి, దీపం తగ్గించి వెళ్లిపోయింది."

నా కాపీలో మొదటి వాక్యం ముందు సగం, ఈ వాక్యం వెనక సగం. మధ్యలో ఉన్నది పోయి, రెండు ముక్కలూ అతుక్కున్నాయి. దీపం తగ్గించింది పక్కింటి పెద్దమ్మ. ఇరవై ఏళ్లుగా నేను దండం పెట్టుకుంటున్న వాక్యాన్ని ఎవరూ రాయలేదు.

ఎవరూ రాయకుండానే అది అంత బాగుంది. ఈ సంగతి ముందు ఏం చేయాలో తెలియక గంటసేపు నేల మీది గచ్చు పగులును చూస్తూ ఉండిపోయాను.

పందొమ్మిదో నిమిషంలో, కూతుర్ని పిలుచుకు రమ్మంటారు. కూతురు బయట ఆడుకుంటూ ఉంటుంది. నాలుగుసార్లూ అక్కడ ఆపి, ముప్పయ్యో నిమిషానికి జరిపి మళ్లీ విన్నాను. పోల్చి చూడటానికి మొదలూ చివరా చాలు, మధ్య భాగం అనవసరం. మా అమ్మకూ దీనికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 7

ప్రచురణకర్త ఫోన్. "మేడమ్, ఆ వాక్యం వెనక అట్ట మీద వేస్తున్నాం. పెద్ద అక్షరాల్లో." మంచిది అన్నాను.

ఫిబ్రవరి 8

లైబ్రరీ నుంచి టీచరుగారి నంబరు తీసుకున్నాను. ఎనభై రెండేళ్లట. ఫోన్ ఆవిడే ఎత్తారు. అదే గొంతు. కామా దగ్గర కామా అంత.

నేనెవరో చెప్పాను.

"తెలుసమ్మా. మనం ఒకసారి మాట్లాడుకున్నాం. ఉత్తరాల్లో."

"నాకు గుర్తులేదండీ."

"మీకు గుర్తుండదులెండి. మీ వ్యాసం వచ్చినప్పుడు రాశాను. తల్లి చనిపోతుంది కదమ్మా, వెళ్లిపోవడమేమిటి, గడప దాటిన మనిషి లోపలున్న దీపం ఎట్లా తగ్గిస్తుంది, అని. మీరు జవాబు రాశారు. రచయిత రాయనిది చదువుకోవద్దన్నారు. దాచాను, ఎక్కడో ఉండాలి."

గుర్తొచ్చింది. నవ్వుకుంటూ రాశాను దాన్ని. పక్క సీటువాళ్లకు చదివి వినిపించాను కూడా.

"మీరు మళ్లీ రాయాల్సింది కదండీ."

"రాద్దామంటే పుస్తకం నా దగ్గర లేదు. చదవడానికి ఎవరో ఇచ్చారు, తిరిగిచ్చేశాను. పత్రికలో రాసేవాళ్లు చూడకుండా రాయరుగా అనుకున్నాను. నేనే ఎక్కడో సొంతంగా కలిపి చదివేశానేమో అని భయం పట్టుకుంది. చూపులేని పిల్లలు వింటారు కదా, తప్పు చదివితే వాళ్లెట్లా సరిచూసుకుంటారు? అందుకని రికార్డింగు మానేశాను."

"ఎప్పటినుంచి?"

"అప్పటినుంచే."

ఇరవై ఏళ్లు. మామూలుగా ఇలాంటిచోట నేను రెండో ప్రశ్న వేస్తాను. వేయలేకపోయాను.

"మీరు తప్పు చదవలేదండీ. తప్పు నాది."

అటు ఫ్యాను చప్పుడు వినిపించింది. "సరేనమ్మా. కన్ను జాగ్రత్త" అని పెట్టేశారు.

ఫిబ్రవరి 9

అన్నయ్యను అడగలేదు.

లెక్క తేలికే. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి అచ్చు వేసి మడిస్తే ఒక ఫారం. ఫారాలన్నీ వరసగా పేర్చి కుడితే పుస్తకం. ముప్పై ఒక్క నిమిషాల చదువు పదహారు పేజీలకు సరిపోతుంది. వాక్యం పోయిన చోటును బట్టి చూస్తే అది పదో ఫారం. బైండింగులో ఫారం జారిపోవడం మామూలు పొరపాటే.

కానీ పేజీలకు నంబర్లు లేవు. టీచరుగారు మాత్రం రికార్డింగులో "నూట నలభై నాలుగో పేజీ" అని ఒకచోట చెప్పారు. అంటే అందరి కాపీల్లోనూ నంబర్లున్నాయి, నా దాంట్లో కింది అంచు కోసేశారు. ఫారం జారితే పొరపాటు. నంబర్లు కూడా పోతే పొరపాటు కాదు. మరొకరి కథనమైతే ఇది మొదటి పేరాలోనే రాసేదాన్ని.

ఊరుకోవచ్చు కూడా. అచ్చు కాపీ మరొకటి లేదు. రికార్డింగు ఎవరు వింటారు? వినేవాళ్లు అచ్చుతో పోల్చలేరు. పుస్తకం ఆ వాక్యంతోనే వస్తుంది, నేనూ అందులోనే ఉంటాను. ఈ ఆలోచన నాకు వచ్చిన మాట నిజం, అందుకే రాస్తున్నాను.

అన్నయ్య చుక్కలు వేశాడు. కన్ను మీద వేలుంచిన మనిషిని ఏమని అడుగుతాను? రేపు.

ఫిబ్రవరి 10

అడిగాను. మనిషి మొహం చూడకుండా చేసిన ఇంటర్వ్యూ ఇదొక్కటే. మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు, నాకు అతని పాదాలే కనిపిస్తాయి.

"అన్నయ్యా, రేవు పుస్తకంలో పదో ఫారం ఏమైంది?"

కుడి బొటనవేలు ఒకసారి లేచి దిగింది.

"ఎవరు చెప్పారు?"

"రికార్డింగు."

"నలభై అయిదేళ్లు పట్టిందన్నమాట. నువ్వేనా మంత్రుల దొంగలెక్కలు బయటపెట్టింది!"

"ఎగతాళి తర్వాత. ఏమైంది?"

"చదివాను."

"ఏమిటీ?"

"నీకు ఇచ్చేముందు మొత్తం చదివాను. చిన్నపిల్లకు ఇస్తున్నాం కదా, ఏముందో చూద్దామని. అదొక్కటే నేను చదివిన పుస్తకం. అన్నీ బాగున్నాయి, ఆ పదహారు పేజీలు తప్ప. అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. నువ్వు ఆ గది వైపు చూసేదానివి కాదు. అన్నం తినేదానివి కాదు. ఆ పేజీలు నీ చేతిలో ఎట్లా పెట్టనే?"

మా అమ్మ పోయిన రోజు నేను వీధిలో ఆడుకుంటున్నాను. లోపల్నుంచి మూడుసార్లు పిలిచారు. వినిపించింది. ఆట నాదాకా వచ్చింది, ఇది అయ్యాక వెళ్దామనుకున్నాను. ఈ సంగతి ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. అన్నయ్యకు తెలుసు. మూడుసార్లూ పిలిచింది అతనే.

"తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"ఉద్యోగం వచ్చాక చెబుదామనుకుని, రేపు రేపంటూ ఏళ్లు గడిపాను. ఈలోగా వ్యాసం రాసేశావు. రచయిత మౌనం ఇంత గొప్పది, అంత గొప్పది అని రెండు పేజీలు! షాపుకొచ్చిన ప్రతివాడూ మీ చెల్లెలు ఎంత బాగా రాసిందండీ అంటాడు. నేనే కోసి గోడకు అతికించుకున్నాను. ఆ మౌనం నా కత్తి పనే తల్లీ అని ఏ మొహంతో చెప్పను?"

నాకు నవ్వు ఆగలేదు.

"తల కదిలించకు! బుడగ, బుడగ!"

"చింపేశావా వాటిని?"

పాదాలు రెండూ నేలకు ఆనాయి. నిజంగానే కోపం వచ్చింది.

"చింపడమా? నేను బైండర్ని. పుస్తకంలోంచి ఒక్క కాగితం కూడా బయటికి పోలేదు. చోటు మార్చానంతే. అడుగు అట్టలో ఉన్నాయి."

గోడ అలమరలో, నాకు ఆరడుగుల దూరంలో. పదకొండుసార్లు చదివినప్పుడూ ఆ పేజీలు నా ఎడమ అరచేతి కిందే ఉన్నాయి. ఆ అట్ట మందాన్ని బొటనవేలితో నిమరడం నాకు అలవాటు.

ఫిబ్రవరి 11

పందొమ్మిదో నిమిషం నుంచి విన్నాం, ఇద్దరం. అన్నయ్య కుర్చీలో, నేను నేల చూస్తూ.

కూతుర్ని పిలుచుకు రమ్మని ఎవరో అంటారు. ఒకరు గుమ్మం దాకా వెళ్తారు. మంచంలోంచి అమ్మ వాళ్లను ఆపుతుంది.

"పిలవకండి. ఆడుకోనివ్వండి. దాని గొంతు ఇక్కడికి వినిపిస్తూనే ఉంది, నాకది చాలు."

తర్వాత రెండు నిమిషాలు అమ్మ వింటూ ఉంటుంది. ఆవిడ గురించి రచయిత ఇంకేమీ రాయలేదు. బయట పిల్లల ఆట, అంకెలు లెక్కపెట్టడం, ఎవరో తప్పు ఆడారని గొడవ. అన్నీ ఆ మంచం మీద నుంచి వినిపించినట్టే.

నేను మెచ్చుకున్న మౌనం దీని ముందు ఏమీ కాదు. అసలైనది ఇదీ.

పన్నెండో ఏట ఇది చదివితే ఏమయ్యేదాన్నో తెలియదు. తట్టుకునేదాన్ని కాదేమో. నలభై అయిదేళ్ల ముందే బరువు దిగిపోయేదేమో. రెంటికీ ఆధారం లేదు. కన్ను తడిస్తే మందు కొట్టుకుపోతుందని అన్నయ్య మళ్లీ చుక్కలు వేశాడు.

ఒక సంగతి నమోదు చేయాలి. ఆ మాటలు టీచరుగారి గొంతులో వచ్చేముందే, అర మాట ముందుగా, పక్క కుర్చీలోంచి చిన్నగా వినిపించాయి. "దాని గొంతు ఇక్కడికి..." నలభై అయిదేళ్ల కిందట ఒకసారి చదివిన మనిషికి ఇంత గుర్తుంటుందా? అడగలేదు.

ఫిబ్రవరి 12

ప్రచురణకర్తకు చెప్పాను. పదహారు పేజీలు చేరాలి, దొరికాయి అన్నాను.

"మరి ఆ వాక్యం, మేడమ్?"

"ఉండదు."

"అట్ట అచ్చయిపోయిందండీ! జనం ఆ వాక్యం కోసమే కదా కొనేది."

"ఆ వాక్యం పుస్తకంలోది కాదు. మా అన్నయ్యది."

"నెల వెనక్కి జరుపుదాం" అన్నాడు చివరికి. మంచి మనిషి.

ముందుమాట మొదటి పేరా అన్నయ్య చేత రాయించాను. టీచరుగారి ఉత్తరంతో మొదలవుతుంది. ఆవిడ అడిగిన ప్రశ్నలు, నేనిచ్చిన జవాబు, ఎవరిది తప్పో. అన్నయ్య అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. "'నాది తప్పు' అని ఇన్నిసార్లు ఎందుకే, ఒకసారి చాలు" అన్నాడు. రెండు తీసేశాం.

టీచరుగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. ప్రూఫులు మీరు పైకి చదివితే నేను వింటాను, నాకు ఇప్పట్లో చదువు లేదు అన్నాను. "గొంతు ముసలిదైపోయిందమ్మా" అన్నారు. మళ్లీ ఆవిడే, "ఎప్పటినుంచి?" అని అడిగారు.

ఫిబ్రవరి 13

ఆస్పత్రిలో తల ఎత్తాను. పొర అతుక్కుంది. కంటి చూపులో పైసగం తేటగా ఉంది. కింది సగంలో బుడగ, నడిచే మనిషి చేతిలో గ్లాసులోని నీళ్లలా ఊగుతోంది. ఇంకో నెలలో కరిగిపోతుందట. కాసేపు చదువుకోవచ్చన్నాడు డాక్టరు. పది రోజుల తర్వాత అన్నయ్య మొహం చూశాను. గడ్డం తెల్లగా మాసి ఉంది.

ఇంటికి వచ్చి కిటికీ దగ్గర బల్ల వేసుకున్నాం. అన్నయ్య సంచీలోంచి సన్నటి కత్తి తీశాడు. తెచ్చుకున్నాడంటే, అడుగుతానని ముందే అనుకున్నాడా? అడుగు అట్ట లోపలి కాగితం అంచును తడిగుడ్డతో నాననిచ్చి, కత్తి మొన దూర్చి, ఒక్క చిరుగూ లేకుండా లేపాడు.

దాని కింద ఇంకో కాగితం అంచు కనిపించింది. దాని కింద ఇంకొకటి. పైది గోధుమరంగు, మొన్నమొన్నటిది. తర్వాతి లేతనీలం నాకు గుర్తే, నేను కొత్త ఇంటికి మారిన ఏడాది. దాని కింద చారలది, నా మొదటి ఉద్యోగం నాటిది. ప్రతిదీ అంచున కోసి, పైన కొత్తది అతికించినట్టుంది. లెక్కపెట్టాను. ఏడు. మొదటిది పోను ఆరు.

రెండు పల్చటి అట్టల మధ్య నుంచి ఫారం బయటికి వచ్చింది. పదహారు పేజీలు. కింద నంబర్లున్నాయి, 145 నుంచి 160 దాకా. వీటి అంచు కోయలేదు. మడతలు మెత్తబడి గుడ్డలా ఉన్నాయి. ఒక్కసారి చదివి నలభై అయిదేళ్లు మూసిపెట్టిన కాగితం ఇలా ఉండదు. ఇది తెలియడానికి బైండరు కానక్కర్లేదు. 154వ పేజీలో అమ్మ మాట పక్కన, మార్జిన్‌లో, ఎండిన జిగురుతో బొటనవేలి ముద్ర. దాని మీద ఇంకొకటి, కొంచెం పక్కకు.

ఆ వేలు ఎవరిదో నాకు తెలుసు. రెండు గంటలకోసారి, పది రోజులు, నా కంటికి అంగుళం దూరంలో చూశాను.

నేను మిగతా పుస్తకమంతా పదకొండుసార్లు చదివాను. నేను చదవనిది అతను చదువుతూ వచ్చాడు. మా అమ్మ అతనికీ అమ్మే.

అన్నయ్య కత్తి తుడుచుకుంటున్నాడు. నా వైపు చూడటం లేదు.

"అన్నయ్యా, ఈ అట్ట నిజంగా ఒక్కసారైనా వదులైందా?"

కత్తిని గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకున్నాడు.

"నేను వేసిన అట్ట వదులవుతుందటే?"